హరికథాపితామహులు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు

మన సంఘ వార్షిక మహాసభ యీ యేఁడు సికిందరాబాదు రాంగోపాల్‌పేటలో సమకూడుచున్న సందర్భమున, సంచికా సంపాదకవర్గమువారు మమ్ము నొక మహాపురుషుని జీవితము వ్రాసి యిమ్మని కోరిరి. విభక్తులు, సమాసములు చెప్పుకొనుచు ముప్పదియైదేండ్లు బడిలో గడపి విశ్రాంతి పొందిన పంతులకుఁ బెద్దలను స్మరించు నవకాశము వచ్చుట సంతోషమే. ఎవరిని గూర్చి వ్రాయవలె నన్న ప్రశ్నకు మాకుఁ దడుముకొనవలసిన పని లేకపోయినది. అందులకొక కారణము గలదు. దానిని మొదటనే చెప్పుట మేలు.

గత సంవత్సరపు సభలో విద్యానిధి వినియోగమును గూర్చి చర్చ జరిగినపుడు, మన పేటలోని యొక బాలిక హరికథ నేర్చుకొనుటకు సాయము కోరుచు పెట్టుకొన్న యర్జీ చదువఁబడినది. దాతలలో నొక పెద్దమనిషి లేచి, నిధి వైద్యము, యంత్రశాస్త్రము మొదలగు చదువులకే కాని కాలికి గజ్జె కట్టి సభలో నాడుటకుఁ గాదనియు, అది మన యిండ్లలోని పిల్లలకుఁ దగిన వృత్తి కాదనియు సెలవిచ్చిరి. ఆయన దాతృత్వమందు మాకు గౌరవమే కలదు. అర్జీ వాయిదా పడినది. మేము నాఁడు ముందువరుసలో కూర్చుండియు నోరు విప్పలేకపోతిమి. ఇంటికి వచ్చిన తరువాత మాకు నిద్ర పట్టలేదు. నాఁడు చెప్పవలసినది నేఁడు వ్రాయుచున్నాము.

నారాయణదాసుగారి పేరు వినని తెలుఁగువాఁడు మా తరములో లేఁడు. కాని వినుట వేఱు, ఎఱుఁగుట వేఱు. హరికథాపితామహుఁడను బిరుదము నొక్కదానిని జ్ఞాపకముంచుకొని తక్కినదంతయు మఱచితిమి. ఆయన గాయకులు, తాము పాడు పాటలను దామే కట్టుకొన్నవారు, నర్తకులు, అభినేతలు, అష్టావధానులు, సంస్కృతకవులు, అచ్చ తెనుఁగు కవులు, పారశీకము నేర్చి యుమర్ ఖయ్యామును దెనిఁగించినవారు, గానపాఠశాలకు బదునేడేండ్లు అధ్యక్షులు. ఇన్ని పనులలో దేనిని వదలినను ఆయన జీవితము సగము చెప్పినట్లే యగును.

దాసుగారు 1864 ఆగస్టు 31వ తేదీ బుధవారము, రక్తాక్షి నామ సంవత్సర శ్రావణ బహుళ చతుర్దశినాఁడు అజ్జాడ గ్రామమున జన్మించిరి. అది నాఁటి విశాఖపట్టణ మండలమునందలి బొబ్బిలి ప్రాంతపుటూరు. 2022వ సంవత్సరమునుండి పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి లక్ష్మీనరసమాంబగారు. చయనులను పేరు వినఁగనే శ్రౌతకర్మ మెఱిఁగినవారికి ఆ యింటి సంప్రదాయము తెలియును. అట్టి యింటఁ బుట్టిన పిల్లవానికిఁ బెట్టిన పేరు సూర్యనారాయణ. పెరిగి పెద్దయైన తరువాత సూర్యశబ్దమును విడిచి, నారాయణ శబ్దమునకు దాసశబ్దమును జేర్చుకొని, ఆ పేరితోనే లోకమునకుఁ దెలిసిరి.

బాల్యమున నాయనకుఁ గల ధారణాశక్తిని గూర్చి యొక ముచ్చట చెప్పుదురు. ఐదేండ్ల ప్రాయమున తల్లితోఁ గూడ యాత్రకుఁ బోయినపుడు, అంగడిలో పోతన భాగవతమును జూచి యది తనకుఁ గావలెనని మారాము చేసెనఁట. పుస్తకములమ్మువాఁడు, ఇంత పసివానికి భాగవతమేమి తెలియునని పరిహసింపఁగా, బాలుఁడు పద్యములను వరుసగా నప్పగించెనఁట. అంగడివాఁడు విస్మయమంది, పుస్తకమును బహుమానముగా నిచ్చుటయేకాక కొంత సొమ్ము కూడఁ జేతిలోఁ బెట్టెనని వాడుక. పోతన పద్యము చెవినిఁ బడి పెరిగిన పిల్లలు మన యిండ్లలో నొకప్పుడు పెక్కుమంది యుండెడివారు గనుక దీనిని నమ్ముట మాకుఁ గష్టము గాదు.

బొబ్బిలి సంస్థాన విద్వాంసులగు వాసా సాంబయ్యగారియొద్ద నాయన కొంతకాలము సంగీత పాఠము విన్నారు. ఆ మీఁద నింగ్లీషు చదువునకై విజయనగరము చేరిరి. ఆయనకు దక్కిన క్రమబద్ధమైన శిక్ష యింతే. తక్కిన విద్యయంతయు వినికిడివలనను, సాధనవలనను, విజయనగరపు గాలివలనను వచ్చినదనవలెను. ఆ నగరము నాఁడు సామాన్యమైనది కాదు. ఆనందగజపతి మహారాజు 1879 మొదలు 1897 వఱకు నేలినవారు. స్వయముగా సంగీతసాహిత్యముల రుచి యెఱిఁగినవారు. గురజాడ అప్పారావుగా రాస్థానమున నుండిరి. వారి కన్యాశుల్కము 1892లో నక్కడనే తొలుత నాడఁబడినది. వీణకు వేంకటరమణదాసుగారు పేరెన్నిక గన్నవారు. ఒక వీథిలో వీణ, మఱియొక వీథిలో వేదము, ఇంకొక వీథిలో నాటకపు కసరత్తు వినవచ్చు పట్టణమున నొక చుఱుకైన బాలుని విడిచినచో నేమగునో యదియే యైనది.

1883లో చెన్నపట్టణమునుండి కుప్పుస్వామినాయుఁడుగారను భాగవతులు విజయనగరము వచ్చి హరికథ చెప్పిరి. హరికథ యను రూపము మహారాష్ట్రుల కీర్తన సంప్రదాయమునుండి తంజావూరునకు దిగి, అక్కడ కృష్ణభాగవతులవంటివారి చేతిలోఁ దీర్పు పొంది, దక్షిణదేశమున వ్యాపించుచున్న కాలమది. ఒక్కఁడే నిలుచుండును. వెనుక మృదంగము, ఫిడేలు. చేతిలో చిడుతలు, కాళ్ళకు గజ్జెలు, మెడలో పూలదండ. ఒక్క నోటితోఁ బాట, పద్యము, వచనము. ఒక్క మేనితో రాజు, బంటు, తల్లి, బిడ్డ, దేవుఁడు, రాక్షసుఁడు. పందొమ్మిదేండ్ల నారాయణదాసు ఆ కథ విని, తాను వెదకుచున్నది దొరకినదని యెఱిఁగెను. ఆ యేఁడే ధ్రువచరిత్రమును దానే రచించి, తానే పాటలు గట్టి, తానే గజ్జె గట్టి చెప్పెను.

ఇక్కడ మనవారు గమనింపవలసిన విషయమొకటి కలదు. నాఁటి వైదిక కుటుంబములలో పురాణము చెప్పుట గౌరవము. కూర్చుండి చెప్పుదురు గనుక. సంగీతము పాడుటయుఁ గొంతవఱకు మన్ననయే. నిలుచుండి, గజ్జె కట్టి, నలుగురిలో నడుము త్రిప్పి యాడుట మాత్రము భోగమువారి పనియనియు, వీథిభాగోతుల పనియనియు నెంచెడివారు. ఇంగ్లీషు చదువుకొనుచున్న బాలుఁడు, తలంచుకొన్నచో గుమాస్తాగిరియో ప్లీడరీయో సంపాదించుకొనఁ గలిగినవాఁడు, ఆ గజ్జెను దీసి కాలికిఁ గట్టుకొన్నాఁడు. అందును, ఆ విద్యకు దారి చూపినవాఁడు మన కులమువాఁడు గాఁడు. కుల సంఘపు సంచికలో నీ మాట వ్రాయుట కొందఱకు రుచింపకపోవచ్చును. కాని చరిత్ర యట్లున్నప్పుడు మేమేమి చేయుదుము?

ధ్రువచరిత్రము తరువాత అంబరీషచరిత్రము, గజేంద్రమోక్షము, ప్రహ్లాదచరిత్రము, మార్కండేయచరిత్రము, రుక్మిణీకల్యాణము, సావిత్రీచరిత్రము, భీష్మచరిత్రము, హరిశ్చంద్రోపాఖ్యానము, జానకీశపథము, రామకథనంతయు నాఱు కథలుగా విభజించిన యథార్థరామాయణము, ఇట్లు వరుసగా వెలువడినవి. తెలుఁగున మాత్రమే కాక సంస్కృతమునను హరికథ వ్రాసిరి. గౌరీకల్యాణమును ఒక్క సంస్కృతపదమైనను లేని యచ్చ తెనుఁగున వ్రాసిరి. అప్పటికిఁ దెలుఁగుదేశమున హరికథ చెప్పువారు లేకపోలేదు. అయినను దానికొక కావ్యగౌరవమును, కచేరీగౌరవమును గలిపి తెచ్చినవారు దాసుగారే. ఆయన కథలోని కీర్తనను విడఁదీసి కచేరీలోఁ బాడవచ్చును. పద్యమును విడఁదీసి ప్రబంధమునఁ జదువవచ్చును. తాళములతోడి నాటకమును విడఁదీయుట మాత్రము సాధ్యము గాదు. అది యాయన మేనితోడనే పోయినది.

తాళమును గూర్చి కొంచెము విపులముగఁ జెప్పవలెను. దాసుగారికి లయబ్రహ్మయనియుఁ బంచముఖీపరమేశ్వరుఁడనియు బిరుదులు. రెండవదాని కర్థమేమనఁగా, రెండు చేతులు, రెండు కాళ్ళు, శిరస్సు, ఈ యైదింటను వేఱువేఱు తాళములను ఒక్కమాఱుగా నడపుచు, నోట పల్లవి పాడెడివారు. ఇది గారడివలెఁ దోఁచును గాని గారడి గాదు. బడిపంతులము గనుక లెక్క వేసి చూపుదుము. మన సంగీతమున లయకైదు జాతులు: తిశ్రము మూఁడు, చతురశ్రము నాలుగు, ఖండము ఐదు, మిశ్రము ఏడు, సంకీర్ణము తొమ్మిది. ఈ యైదు సంఖ్యలు నొక్కచోట బయలుదేఱి, మరల నొక్కచోటఁ గలిసికొనుటకు వానియన్నింటి కనిష్ఠ సామాన్య గుణిజము 1260 కావలెను. అనఁగా 1260 అక్షరముల దూరము ఐదు లెక్కలును దేహమునందు వేఱువేఱుగా నడచి, తప్పక యొక్క చోట నిలువవలెను. మేము బడిలో నెక్కాలు చెప్పునపుడు కుడిచేతితో మూఁడును ఎడమచేతితో నాలుగును కొట్టుఁడని పిల్లలకుఁ బందెము పెట్టెడివారము. పండ్రెండవ దెబ్బకు ముందే నూటికి తొంబదిమంది తప్పెడివారు. మేమును దప్పితిమి.

బందరులో నాయన చేసిన అవధానమును గూర్చియు నిట్లే చెప్పుదురు. రెండు పాదముల రెండు తాళములు, రెండు చేతుల రెండు తాళములు వేయుచు, పల్లవి పాడుచు, నడుమనడుమ నడిగిన లెక్కలకు సమాధానము చెప్పుచు, కొట్టిన గంటల సంఖ్యను జ్ఞాపకముంచుకొని తుదను జెప్పిరఁట. అష్టావధానులు మనలోఁ బెక్కుమంది యుండిరి. కాని యవధానమును కంఠమునకును కాలికిని గూడ దింపినవారు వేఱొకరు మాకుఁ గనఁబడరు.

ఆ కాలమున ధ్వనివర్ధకములు లేవు. గంజాము మండలము మొదలు చెన్నపట్టణము వఱకు, బెంగుళూరు, మైసూరుల వఱకు తిరిగి, వేలకొలఁది జనుల నడుమ నొంటిగొంతుతో గంటలకొలఁది కథ చెప్పెడివారు. మైసూరున చామరాజేంద్ర ఒడయరు ఏలుచున్న దినములలో నాయన కచ్చట సత్కారము జరిగినది. దాక్షిణాత్య గాయకులు తెలుఁగు పాటనే పాడుచుఁ దెలుఁగువానిని మాత్రము గాయకునిగ నెంచని కాలమది. ఆ సభలలో ఒక యుత్తరాంధ్రుఁడు పోయి లయలో వారి కెదురునిలిచి గౌరవము పొంది తిరిగి వచ్చుట సామాన్యము గాదు.

ఆనందగజపతివారి యాస్థానమునకును దాసుగారు చేరిరి. ఊరిలోని వానికి రాజసభ పొరుగూళ్ళన్నియుఁ దిరిగి పేరు తెచ్చుకొన్న పిదపనే తెఱచుకొన్నదని యిక్కడఁ జెప్పక తప్పదు. ఆయన తమ కథలను దైవమునకే యర్పించిరి. పోతన పద్యము పసితనమున నోటికిఁ బట్టినవానికి నీ పట్టుదల యెక్కడినుండి వచ్చినదో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

1919వ సంవత్సరమున నాయన జీవితము మఱియొక మలుపు తిరిగినది. విజయరామగజపతి మహారాజు ఆ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీని విజయనగరమున గానపాఠశాలను స్థాపించిరి. దాని పుట్టుకకుఁ గారణము మిక్కిలి చిన్నది, మిక్కిలి మనోహరమైనది. సంస్థానోద్యోగియగు చాగంటి జోగారావుగారి కుమారుఁడు గంగరాజు పుట్టంధుఁడు. సంగీతమందు మక్కువ గలవాఁడు. ఆ బాలునికి విద్య చెప్పించు నుపాయము తోఁచక తండ్రి విచారింపఁగా, రాజావారు ఒక్క బాలునికై గురువు నేర్పఱచుటకు మాఱు ఊరి కంతటికిని బాఠశాల పెట్టిరి. ఒక్క పిల్లవాని యర్జీ యొక కళాశాల యైనది. విజయరామ గానపాఠశాలయను పేరిట వెలసిన యా సంస్థకుఁ బ్రథమాధ్యక్షులుగ దాసుగారిని నియమించిరి. నాఁటి కాయన వయస్సు ఏఁబదినాలుగు.

గజ్జె కట్టి యూరూరు దిరిగినవాఁడు కుర్చీలోఁ గూర్చుండి పాఠశాల నడపఁగలఁడా యను సందేహము మాబోఁటి యుపాధ్యాయులకుఁ గలుగుట సహజము. దానికి సమాధానము ద్వారం వేంకటస్వామినాయుఁడుగారి కథలోఁ గలదు. ఇరువదియాఱేండ్ల నాయుఁడుగారు పాఠశాలలో విద్యార్థిగఁ జేరుటకు వచ్చిరి. ఆయన ఫిడేలు విని, ఇతనికి నేర్పవలసినది లేదని తేల్చి, దాసుగారు వారిని విద్యార్థిగఁ గాక ఫిడేలు ఆచార్యులుగఁ దీసికొనిరి. పట్టా లేదు, వయస్సు లేదు, కులము మనది గాదు. మేము పనిచేసిన దినములలో ఇట్టి నియామకము చేయఁదలఁచిన ప్రధానోపాధ్యాయుఁడు మూఁడు కార్యాలయములకు సంజాయిషీ వ్రాసికొనవలసి యుండెడిది. దాసుగారు చెవిని నమ్మిరి. ద్వారంవారు 1936లో నాయన వెనుక నధ్యక్షులై, దేశమున ఫిడేలువాద్యమునకుఁ బెద్దదిక్కైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు ఆ పాఠశాలలో నభ్యసించినవారే. మన రాంగోపాల్‌పేట పందిళ్ళలో శ్రీరామనవమికి మైకున వినవచ్చు కంఠములలో సగము అక్కడ పదును పెట్టఁబడినవని యీ పేటలో నెందఱికిఁ దెలియును?

విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరుగారు విజయనగరమున దాసుగారి బేహాగు రాగము విని పరవశులైరనియు, పిమ్మట శాంతినికేతనమున సంగీతశాఖ నెలకొల్పఁదలఁచి యీ పాఠశాల పాఠ్యప్రణాళికను దెప్పించుకొనిరనియు విజయనగరమువారు చెప్పుకొందురు.

ఇంక నాయన గ్రంథములు. ఇక్కడ మాకుఁ గొంత యధికారమును గొంత జగడమును గలవు. దాసుగారు రచించిన తారకమను సంస్కృతకావ్యమును జర్మనీదేశపు మార్బర్గు విశ్వవిద్యాలయమున సంస్కృతాచార్యులగు గెల్డ్నరు పండితుఁడు మెచ్చుకొన్నాఁడు. ఋగ్వేదమును జర్మను భాషలోనికి మార్చిన పండితుఁడాయన. అట్టివాని మెప్పు పొందిన సంస్కృతకవి, పెద్దవాఁడైన కొలఁది సంస్కృతమును విడిచి యచ్చ తెనుఁగు వైపు మరలుట మాకుఁ జాలకాలము మింగుడు పడలేదు. ఆయన తెనుఁగు సామాన్యపు తెనుఁగు గాదు. ఆయుర్వేదమునకు మన్కిమిన్కు అని పేరు పెట్టి యొక గ్రంథము వ్రాసిరి. ఆయువు మన్కి, వేదము మిన్కు. లలితాసహస్రనామములను తల్లివిన్కి యను పేరునఁ దెనిఁగించిరి. ఈసపు కథలను నూఱింటిని అచ్చ తెనుఁగున వ్రాసిరి. మేము తొలుత వీనిని చేతఁబట్టినపుడు, నిఘంటువు లేక నాలుగు పుటలు దాఁటలేకపోతిమి. పిల్లల కథను బెద్దలు నిఘంటువుతోఁ జదువవలసివచ్చుట గుణమా యని నేఁటికిని మాకు సందేహమే. కాని రెండవమాఱు చదివినపుడు వేఱొక సంగతి తోఁచినది. సంస్కృత మెఱుఁగనివాఁడు దానిని విడుచుటలో విశేషము లేదు. దానిని తుదముట్టఁ జదివినవాఁడు, మన భాషకుఁ దన కాళ్ళమీఁద నిలువఁగల బలమున్నదా లేదా యని పరీక్షించుట వేఱు. గజ్జె విషయమునఁ జేసిన పనినే భాష విషయమునను జేసిరి. లోకము చిన్నచూపు చూచినదానిని బెద్దపనికిఁ బెట్టిరి.

1922లో వెలువడిన నవరసతరంగిణి యీ దారిలోనిదే. కాళిదాసు నాటకములనుండియు షేక్స్‌పియరు నాటకములనుండియు రసవత్తరమైన ఘట్టములను దీసికొని, నవరసముల క్రింద విభజించి, అచ్చ తెనుఁగున ననువదించిరి. ఇద్దఱు మహాకవులను నొక్క త్రాసులోఁ దూఁచు సాహసము నాఁటి కళాశాలలలోని యింగ్లీషు పండితులకును లేదు, పాఠశాలలలోని సంస్కృత పండితులకును లేదు. ఒకరికి కాళిదాసు పూర్తిగఁ దెలియదు. ఒకరికి షేక్స్‌పియరు పేరే తెలియదు. దాసుగారికి రెండును దెలియును. ఆ రెంటినిఁ జూచిన కన్ను నటునిదగుట యింకొక మేలు. ఏ మాట సభలో పండునో, ఏది పుస్తకముననే యెండునో యాయన కెఱుకే.

పారశీకపు పని యంతకంటెఁ జిత్రము. ఉమర్ ఖయ్యాము రుబాయీలను లోకము ఫిట్జెరాల్డు ఇంగ్లీషు పద్యములలోఁ జదువుకొని మురియుచుండఁగా, దాసుగారు పారశీకము నేర్చి మూలమును జదివిరి. ఇంగ్లీషు దొర మూలమునకు దూరముగఁ బోయెనని తలఁచి, మూలపద్యమును, దాని ప్రక్క నింగ్లీషు పద్యమును బెట్టి, రెండింటిని వేఱువేఱుగ సంస్కృతమునకును అచ్చ తెనుఁగునకును మార్చిరి. చదువరియే పోల్చి చూచుకొనవచ్చును. మన హైదరాబాదు రాజ్యమున పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధము వఱకుఁ బారశీకమే కచేరీ భాష. తాతముత్తాతలనాఁడు దానిని జదివి కొలువు చేసిన కుటుంబములు ఈ నగరమున నెన్నియో కలవు. ఐనను ఖయ్యామును మూలమునుండి సంస్కృతమునకుఁ దెచ్చినవాఁడు పారశీకమునకు నిలయమైన మూసీతీరమునఁ గాక, దానితోఁ బనిలేని విజయనగరమునఁ బుట్టెను. దీనికి మేము సిగ్గుపడవలెనో సంతోషింపవలెనో తెలియదు. రెండును జేసితిమి.

ఇవి గాక శతకములు, ప్రహసనము, తొంబది రాగములను గూర్చి కట్టిన దశవిధరాగ నవతికుసుమమంజరి, దర్శనములను విచారించిన జగజ్జ్యోతి కలవు. వీనియన్నింటి వివరమున కీ సంచికలోఁ జోటు చాలదు.

ఒక్క గ్రంథమును మాత్రము విడువరాదు. నా యెఱుక యను పేరున దాసుగారు తమ జీవితమును దామే వ్రాసికొనిరి. అది వారి యౌవనముతో నాఁగిపోవును. మహాపురుషుల చరిత్రలు వ్రాయునపుడు మనము పుట్టినది మొదలు పుణ్యాత్ములుగనే చిత్రించు నలవాటు గలవారము. ఆ గ్రంథమున దాసుగారు తాము పడుచుతనమునఁ జేసిన చాపల్యములను, తప్పులను దాఁచలేదు; వానికి వేదాంతపు ముసుఁగు వేయలేదు. హరిదాసు నోట హరినామము తప్ప మఱొకటి వినఁగూడదనువారికి నది రుచింపదు. ఆ పుస్తకమును మా గురువులలో నొకరు మా చేతినుండి లాగికొని బీరువాలోఁ బెట్టి తాళము వేసిరి. మేము పదేండ్ల తరువాత వెలయిచ్చి కొనుక్కొని చదివితిమి. చదివిన పిమ్మట దాసుగారియందు భక్తి తగ్గలేదు సరిగదా, ఒక మెట్టు పెరిగినది. తన్నుఁ దాను మోసగించుకొననివాఁడు కథలో ధ్రువుని కన్నీరు చూపినపుడు సభ యేల కరఁగెడిదో యప్పుడు తెలిసినది.

దాసుగారు 1936 వఱకు పాఠశాలాధ్యక్షులుగ నుండి విరమించిరి. 1945 జనవరి 2వ తేదీని, తారణ సంవత్సరమున, ఎనుబదియొకటవ యేఁట విజయనగరమున గతించిరి. ఆయన పుట్టిన రక్తాక్షి మరల నొకమాఱు వచ్చి పోవుటఁ జూచిన దీర్ఘాయువు. అందు అఱువదియేండ్ల పైమాట హరికథకే చెల్లినది.

ఆయన తరువాత తెలుఁగున హరికథ కొంతకాలము వెలిఁగినది. శిష్యులు, ప్రశిష్యులు కోస్తా జిల్లాలలో నూరూర కథలు చెప్పిరి. మా చిన్నతనమున సికిందరాబాదు పందిళ్ళలోఁ గూడ నవమికి తొమ్మిది రాత్రులును కథ యుండెడిది. రైలు కొలువులకును పటాలపు కొలువులకును ఉత్తరపు జిల్లాలనుండి వచ్చి యిక్కడ స్థిరపడిన కుటుంబములవారు ముందుగ వచ్చి చాపలు పఱచుకొనెడివారు. మేము మా నాయనగారి యొడిలో నిద్రపోవుచు, గజ్జెల చప్పుడునకు మేల్కొనుచు, మరల నిద్రపోవుచు, సీతాకల్యాణమును మూఁడు ముక్కలుగ వినినవారము. సినిమా వచ్చినది, ఆ వెనుక దూరదర్శనము వచ్చినది. తొమ్మిది రాత్రులు మూఁడైనవి, మూఁడొకటి యైనది, ఆ యొక్కటియుఁ బోయినది.

అయినను విద్య యంతరింపలేదు. తూర్పుగోదావరి ప్రాంతమున కపిలేశ్వరపురమున 1973లో సర్వారాయ హరికథా పాఠశాల స్థాపింపఁబడి, బాలికలకు వసతి కల్పించి హరికథ నేర్పినది. అక్కడ నేర్చిన స్త్రీలు భాగవతారిణులై దేశమంతటను గథలు చెప్పిరి. దాసుగారినాఁడు మగవాఁడు గజ్జె కట్టుటయే యపచారము. ఆ పాఠశాలలో నాఁడుపిల్లలు గజ్జె కట్టి సావిత్రీచరిత్రము చెప్పిరి.

మన పేటలోని యా బాలిక మొన్న మా యింటికి వచ్చినది. ధ్రువచరిత్రమును గంటసేపు చెప్పినది. పద్యమునఁ బదవిభాగము రెండు చోట్లఁ దప్పినది, దిద్దితిమి. లయ తప్పలేదు. ఆమె తండ్రి జనరల్ బజారులో నొక బట్టల దుకాణమున లెక్కలు వ్రాయును. అర్జీలో నడిగినది గురుదక్షిణకును, ఒక జత గజ్జెలకును, సంవత్సరము పొడవున రాకపోకల ఖర్చునకును గావలసిన సొమ్ము మాత్రమే. ఆ యర్జీ రేపటి కార్యనిర్వాహక సభలో నాలుగవ యంశముగ మరల వచ్చుచున్నది. ఈ సారి మేము మాటాడుటకుఁ బేరిచ్చియున్నాము.